కొత్త స్పీకర్లు కొనేముందు కుర్చీ జరుపుండ్రి

సంపాదకులు గారికి నమస్తే,

పోయిన ఆదివారం మీ పేపర్ల ఇంట్ల పాటలు వినే సామాన్ల మీద నిండు పేజీ వేసిన్రు. ఏ రేటుల ఏది దొరుకుతది, ఎన్ని వాట్లు, బ్లూటూత్ ఉన్నదా లేదా, అన్నీ మంచిగనే రాసిన్రు, కానీ ఆ డబ్బాలు తెచ్చినంక ఇంట్ల ఎక్కడ పెట్టాలె, వినేటోడు ఎక్కడ కూసోవాలె అన్నదాని మీద ఒక్క ముక్క లేదు. పైగా బొమ్మల చూపించిన హాలు మన దిక్కు ఇండ్లల్ల ఎక్కడుంటది సార్, అంత పొడుగు హాలు, ఈ గోడకు రెండు టవర్ స్పీకర్లు, ఆ చివర గోడకు ఆనిచ్చి సోఫా. అది చూసి మనోళ్లు 10 బై 12 రూంల అట్లనే పెడ్తరు, పెట్టి మళ్లా నా దుకాణానికే వస్తరు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్న.

నాది నల్లగొండల ఆంప్లిఫైయర్లు, సౌండ్ బాక్సులు రిపేర్ చేసే పని, దుకాణం క్లాక్ టవర్ కాడికెళ్లి నడిచిపోయే దూరంల ఉంటది. రిపేరుకు వచ్చే బాక్సులల్ల కొన్నిటికి అసలు ఏ రోగం ఉండది. "గుబ్బు గుబ్బుమంటున్నది అన్నా", "మాట అర్థమైతలేదు", "ఎంత పెంచినా మజా వస్తలేదు" అనుకుంట పట్టుకొస్తరు, నేను టేబుల్ మీద పెట్టి ఆన్ చేస్తే గణగణ మోగుతది, ఇగ వాళ్లే పరేషాన్, "గిదేందే, ఇక్కడ మంచిగున్నది" అని. దుకాణంల బాక్సుకు మనిషికి నడుమ మూడు ఫీట్లు, ఇంట్ల పది పన్నెండు ఫీట్లు. మతలబంత అక్కడనే ఉన్నది.

మన రూంలు ఎట్లుంటయో చూడుండ్రి. కింద షాబాద్ బండలో టైల్సో, నాలుగు దిక్కుల ప్లాస్టరింగ్ చేసిన ఉత్త గోడలు, మీద స్లాబు, మెత్తటి సామాను అంటే ఒక పరుపు, కిటికీకి ఒక పల్చటి పరద. స్పీకర్ల నుంచి వచ్చే సౌండ్ల కొంత సీదా చెవికొస్తది, మిగిలింది గోడలకు స్లాబుకు బండలకు తగిలి తిరిగి తిరిగి వస్తది. సీదా వచ్చేది దూరంతోని తగ్గుతది, దూరం డబుల్ అయితే 6 డెసిబెల్స్ (డెసిబెల్ అంటే సౌండు బలం కొలిచే లెక్క) పడిపోతది. గోడల నుంచి తిరిగొచ్చేది మాత్రం రూంల ఎక్కడ నిలవడ్డా దాదాపు ఒక్కతీరే ఉంటది. అంటే ఎంత ఎనకకు పోతే అంత బాక్సును వినుడు తగ్గి గోడలను వినుడు ఎక్కువైతది. పెండ్లి పందిట్ల బాజాల నడుమ మాట్లాడాలంటే ఏం చేస్తం, ఒర్రకుండ చెవి దగ్గరికొచ్చి చెప్తం కదా, ఇదీ అంతే. 10 ఫీట్ల నుంచి 5 ఫీట్లకు జరిగితే ఆ 6 డెసిబెల్స్ ఫుకట్ల వస్తయి, అదే ఆంప్లిఫైయర్‌తోని తేవాలంటే నాలుగింతల వాట్లు కావాలె, తెచ్చినా గోడల సౌండ్ సుత దానితోపాటే పెరుగుతది, మాట మాత్రం గంతే మసక. 90లల్ల టేప్‌రికార్డర్ల మీద పీఎంపీఓ అని వేలకు వేలు వాట్లు రాసి అమ్మెటోళ్లు, యాదికుండే ఉంటది, అవి నిజం వాట్లు కావు, ఇప్పుడు ఆ మాట తగ్గింది గానీ వాట్ల పిచ్చి మాత్రం తగ్గలే.

దగ్గర కూసొని వినుడు అంటే ఏదో పేదోళ్ల సర్దుబాటు అనుకోవద్దు. పాటలు రికార్డు చేసే స్టూడియోలల్ల మిక్సింగ్ చేసేటాయిన ముంగట టేబుల్ అవతల రెండు చిన్న బాక్సులుంటయి, ఆయన వాటికి మూడు నాలుగు ఫీట్ల దూరంల కూసొనే పాటంత సెట్ చేస్తడు. ఇంగ్లండుల బీబీసీ వాళ్లు 1970ల మొదట్ల ఎల్ఎస్3/5ఏ అని ఒక బాక్సు తయారు చేసిన్రు, ఎత్తు 12 అంగుళాలు, వెడల్పు ఏడున్నర. బయట ప్రోగ్రాములకు పోయే రికార్డింగు వ్యాన్లల్ల పెద్ద బాక్సులు పట్టయి, మనిషి ముంగటనే పెట్టుకొని వినాలె, అందుకోసం చేసిన్రు. అది ఇయ్యాలటికీ జనం వెతికి వెతికి కొంటరు. వ్యాన్ల పనికొచ్చింది మన 10 బై 10 రూంల ఎందుకు పనికిరాదు?

ఇగ పెట్టుడు సంగతి. రెండు బాక్సులు, మీ తలకాయ, ఈ మూడింటి నడుమ దూరం ఒక్కతీరుండాలె, మూడు భుజాలు సమానమున్న త్రిభుజం. మన రూంలకు ఒక్కొక్క భుజం నాలుగు ఫీట్లు చానా మంచి కొలత, మూడు నుంచి ఐదు దాకా ఏదైనా నడుస్తది. టేపు లేకుంటే దారం చాలు. ఈ బాక్సు ట్వీటర్ కాడికెళ్లి ఆ బాక్సు ట్వీటర్ దాకా దారం గుంజి తెంపుండ్రి, ట్వీటర్ అంటే చిన్న గుండ్రటిది, సన్న సౌండు వచ్చేది. అదే దారం ఒక కొస ఎడమ ట్వీటర్ కాడ ఇంకొకరు పట్టుకుంటే రెండో కొస మీ ముక్కు దాకా రావాలె, కుడి దిక్కు సుత అంతే రావాలె. అంగుళం తేడా వస్తే కుర్చీ జరుపుండ్రి. ఎందుకంటే ఏ బాక్సు సౌండ్ ముందు చెవికి ముట్టుతదో పాట మొత్తం ఆ దిక్కుకు గుంజుకపోతది. బాక్సుల మొకాలు సీదా గోడ దిక్కు కాకుండ మీ దిక్కు తిప్పుండ్రి, భుజాల మీదికో చెవుల మీదికో చూసేటట్టు.

సరిగ్గ కుదిరిందా లేదా తెలుసుకునేటందుకు కొత్త పాట పెట్టకుండ్రి, ఘంటసాల కాలం నాటి పాత పాట పెట్టుండ్రి. అవి మోనో రికార్డింగులు, రెండు బాక్సులల్లకెళ్లి ఒక్కటే సౌండ్ వస్తది. అన్నీ కుదిరితే గొంతు ఎడమకెళ్లీ రాదు, కుడికెళ్లీ రాదు, రెండు బాక్సుల నడిమిట్ల, ఏమీ లేని ఖాళీ జాగలకెళ్లి వస్తది, కండ్లు మూసుకుంటే ఆడ మనిషి నిలవడ్డట్టే ఉంటది. ఆ గొంతు ఒక దిక్కు ఒరిగితే కొలత తప్పింది. ఒక దిక్కు ఒరగకుండ రూమంత పల్చగ పారవోసినట్టు ఉండి, బేస్ సుత మాయమైతే వైరు ఉల్టా పడ్డది. ఒక బాక్సుకు ఎర్ర నల్ల సరిగ్గ పెట్టి ఇంకో బాక్సుకు మార్చి పెట్టుడు చానా ఇండ్లల్ల చూస్త, ముఖ్యంగ రెండు తీగలు ఒకే రంగున్న వైరు వాడితే. దీనికి పాత మెకానిక్ ఉపాయం ఒకటున్నది, ఆంప్లిఫైయర్ నుంచి వైర్లు తీసేసి, ఆ వైరు కొసలకు పెన్సిల్ సెల్లు అట్ల తగిలించి ఇట్ల తీయాలె, జాలీ తీసి చూస్తే ఊఫర్ కోన్, అంటే బేస్ వచ్చే పెద్ద గుండ్రటిది, టప్పున బయటికన్నా దుంకుతది, లోపలికన్నా పోతది. బయటికి దుంకినప్పుడు సెల్లు ప్లస్ దిక్కున్న తీగ ఏదో అదే ప్లస్, దానికి ముడేసి గుర్తు పెట్టుకోండ్రి. రెండో బాక్సుకు సుత అట్లనే. సెల్లు పట్టుకొని కూసోవద్దు, తగిలించి తీసుడే.

ఎత్తు గురించి. ట్వీటర్ చెవి ఎత్తుల ఉండాలె. ఈ ఒక్కటి చేస్తే సగం పనైతది, కానీ మన దగ్గర స్పీకర్లు సజ్జ మీదికి ఎక్కుతయి, ఎందుకంటే పిల్లలు ముట్టద్దు, ఊడ్సేటప్పుడు అడ్డం రావద్దు. సజ్జ మీదికెళ్లి వచ్చే సౌండ్ల సన్న సౌండు మన తలకాయ మీదికెళ్లి పోతది, కింద గుబ్బు మిగులుతది, దానికి తోడు సజ్జ, స్లాబు, గోడ మూడూ కలిసే మూలల పెట్టిన బాక్సుకు బేస్ మస్తు పెరుగుతది. కుర్చీల కూసుంటే చెవి నేల నుంచి మూడున్నర ఫీట్ల ఎత్తుకొస్తది, సోఫాల కూలబడితే అంతకంటె తక్కువ. మనోళ్లు చాప మీద కూసుంటరు, గోడకు ఒరుగుతరు, అప్పుడు చెవి రెండుంబావు ఫీట్ల కాడుంటది. కంపెనీలోళ్ల స్టాండ్లన్నీ సోఫా లెక్కతోని చేసినయి. కింద కూసునేటోళ్లకు సిమెంటు ఇటుకలు పేర్చినా చాలు, కదలకుండ గట్టిగుండాలె. ఎత్తు చాలకపోతే బాక్సు ముందటి అంచు కింద చిన్న చెక్క ముక్క పెట్టి మొకం జర మీదికి లేపుండ్రి. టేబుల్ మీద పెట్టేటట్టయితే టేబుల్ ముంగటి అంచుకు తేవాలె, ఎనకకు పెడితే సౌండ్ టేబుల్ చెక్కకు తగిలి మళ్లా చెవికొస్తది.

హాలియా దిక్కు ఒకాయన ఇంటికి పోయిన. వాళ్ల నాయినకు చెవులు మందమైనయి, పద్య నాటకాలంటే పానం, సెల్లు ఫోన్ల నుంచి స్పీకర్లకు పెట్టుకొని వింటడు. కొడుకు పెద్ద ఆంప్లిఫైయర్ కొంటనని నన్ను పిలిచిండు. పోయి చూస్తే హాల్ల బాక్సులు టీవీ షోకేస్ గూట్లల్ల, పెద్దాయిన నవారు మంచం ఎదురు గోడకు. సౌండ్ ఎంత పెట్టిన్రంటే గూట్లె స్టీలు గ్లాసులు గజగజ వణుకుతున్నయి, ఆయన మాత్రం "రాగం వినవస్తున్నది గానీ మాట తెలుస్తలేదు బిడ్డా" అంటున్నడు. వయసు మీద పడ్డంక ముందు పోయేది సన్న సౌండు వినే శక్తి, స, త, క, ప అసొంటి హల్లులు తెలిసేది దానితోనే. గూడు, గోడలు కలిసి అదే సన్న సౌండును మసక చేస్తున్నయి. బాక్సులు రెండూ గూట్లెకెళ్లి తీసి మంచానికి ముంగట రెండు స్టూళ్ల మీద పెట్టిన, మంచాన్ని గోడకెళ్లి రెండు ఫీట్లు ఇవతలకు గుంజిన, సౌండ్ సగానికి తగ్గించిన. "ఇప్పుడెట్లున్నది తాతా" అంటే ఆయన నాకు జవాబు చెప్పలే, పద్యం ఎనకనే తనూ అందుకున్నడు. వాళ్ల కోడలికి మాత్రం నచ్చలే, "నడిమింట్ల ఈ స్టూళ్లేంది అన్నా, ఎట్ల ఊడ్వాలె" అన్నది, అదీ నిజమే. ఇల్లు ఊడ్చేటోళ్లతోని సలహా చేయకుండ స్పీకర్లు పెడితే అవి నాలుగు దినాలు ఉండయి. వినేటప్పుడు ముంగటికి తెచ్చి, అయిపోయినంక గోడకు జరిపేటట్టు నేల మీద చాక్‌పీసుతోని గుర్తులు పెట్టి వచ్చిన.

గోడకు ఎంత దూరమని అందరు అడుగుతరు. ఎనక గోడకు ఎంత దగ్గరుంటే బేస్ అంత పెరుగుతది, మూలకైతే ఇంకా. నాలుగైదు అంగుళాల ఊఫరున్న చిన్న బాక్సులకు ఆ పెరుగుడు జర మంచిదే, వాటికి సొంతంగ బేస్ తక్కువ. పెద్ద బాక్సులకు రెండు ఫీట్లన్నా ఇవతలకు తేవాలె. బాక్సు ఎనక గొట్టం రంధ్రం ఉంటే జానెడు జాగ తప్పకుండ ఇడువాలె. పెద్ద టవర్ స్పీకర్ల ముంగట మూడు ఫీట్ల కాడ కూసుంటే ఒక సౌండు మోకాళ్ల కాడికెళ్లి, ఒక సౌండు నెత్తి కాడికెళ్లి వేరేవేరేగ వస్తది, అవి కలవాలంటే ఎనకకు పోవాలె, ఎనకకు పోతే మళ్లా గోడలు. అందుకే చిన్న రూములకు చిన్న బాక్సులు, బేరం తక్కువని కాదు.

కూసునే జాగ సంగతి ఇంకా ముఖ్యం. సౌండు గాలిల సెకండుకు సుమారు 343 మీటర్లు పోతది, 12 ఫీట్ల రూం పొడుగుల లెక్కేస్తే 47 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకండుకు 47 సార్లు, బేస్ గోడల నడుమ ఊగుతది. ఆ ఊగుడు గోడల కాడ చానా ఎక్కువ, రూం నడిమిట్ల దాదాపు సున్నా. అందుకే గోడకు ఆనుకొని కూసుంటే గుబ్బు, సరిగ్గ నడిమిట్ల కూసుంటే డప్పు దెబ్బల బలం పోతది. రెండూ వద్దు, నడిమికంటె ఫీటున్నర ముంగటికో ఎనకకో కూసోవాలె. అన్నిటికంటె ఆగమైన రూం 10 బై 10 ఉండి స్లాబు సుత 10 ఫీట్లు ఉన్నది, పొడుగు వెడల్పు ఎత్తు మూడూ 56 హెర్ట్జ్ దగ్గరనే పడ్తయి, ఆ ఒక్క స్వరం లేస్తే రూమంత లేస్తది. అసొంటి రూములు మన కాలనీలల్ల కొల్లలు, ఇల్లు కట్టేటప్పుడు ఎవరికి యాదికుంటది ఇదంత. ఉన్నదాంట్ల కుర్చీ అటుఇటు జరిపి విని చూసుడే, అడుగు జరిపితే బేస్ మారిపోతది, పైసా ఖర్చు లేదు.

సైడు గోడలకు అద్దం ఉపాయం ఉన్నది. మీరు కుర్చీల కూసోండ్రి, ఇంకొకరు చేతిల అద్దం పట్టుకొని సైడు గోడ వెంబడి జరుపుకుంట పోవాలె, ఎక్కడైతే అద్దంల బాక్సు కనపడ్తదో అక్కడికెళ్లే సౌండ్ తగిలి మీ చెవికొస్తది. సౌండ్ ఒక మిల్లీ సెకండ్ల సుమారు ఒక ఫీటు పోతది కాబట్టి ఐదు ఫీట్లు ఎక్కువ తిరిగొచ్చింది నాలుగైదు మిల్లీ సెకండ్లు లేటుగ వస్తది. అంత తక్కువ లేటును చెవి వేరే సౌండుగ పట్టది, రెండూ కలిపి ఒక్కటిగనే వింటది, 1949ల జర్మనీల హెల్ముట్ హాస్ అనే ఆయన దీని మీదనే పరిశోధన చేసిండు. ఒక్కటిగ విన్నా గానీ మాట అంచులు మసకైతయి. అద్దం కనపడ్డ కాడ గొంగడి వేలాడదీయుండ్రి. మన పాలమూరు, నల్లగొండ దిక్కు కురుమోళ్లు నేసే నల్ల గొర్రె ఉన్ని గొంగడి, గరుకుగ మందంగ ఉంటది, ఆన్‌లైన్ల అమ్మే నల్ల స్పాంజి ముక్కల కంటె నాకు అదే నచ్చుతది, సూపుకు సుత బాగుంటది. గోడకు అంటుకోకుండ రెండు మూడు అంగుళాలు ఎడం ఉంటే ఇంకా మంచిది. కానీ గొంగడి సన్న సౌండునే మింగుతది, గుబ్బును ఏం చేయలేదు, దానికి మూలకు చుట్టి నిలవెట్టిన పత్తి పరుపు కొంత పనిచేస్తది, మొత్తం కాదు. దగ్గర కూసుంటే ఈ గోడల పంచాయతి చానామట్టుకు తగ్గుతది, గొంగడి లేకున్నా నడుస్తది.

ఇంకో లాభం, పక్కింటోళ్లతోని లొల్లి ఉండది. 2000 సంవత్సరం శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇండ్లున్న ఏరియాల పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్, రాత్రంటే 10 నుంచి పొద్దుగాల 6 దాకా. బరాతుల డీజేల కాడ ఎవడు చూస్తుండు ఇవన్నీ, అది వేరే ఉత్తరానికి సరిపోయే ముచ్చట. నాలుగు ఫీట్ల కాడ కూసుంటే మామూలు మాట కంటె జర ఎక్కువ సౌండుతోనే పాట నిండుగ వినవస్తది, చెవులకు సుత ముప్పు లేదు, 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల దాకా ఫరక్ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. తక్కువ సౌండ్ల బేస్ పల్చగ అనిపిస్తది, అది స్పీకర్ తప్పు కాదు, చెవి గుణమే అంత, 1933ల ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించిన్రు. పాత ఆంప్లిఫైయర్ల మీద లౌడ్‌నెస్ అని బటన్ ఉండేది ఇందుకే, కొత్తవాటిల చానామట్టుకు తీసేసిన్రు, ఎందుకు తీసిన్రో వాళ్లకే తెలియాలె. బేస్ నాబు జర పెంచుకుంటే సరి.

ఒప్పుకోవాల్సిన ఇబ్బంది ఒకటి ఉన్నది, ఈ త్రిభుజంల మంచి కుర్చీ ఒక్కటే. ఇంట్ల ముగ్గురు వినాలంటే ఎట్ల? బాక్సుల మొకాలు ఇంకా లోపలికి తిప్పుండ్రి, రెండిటి చూపులు మీ కంటె ముంగటనే కలిసేటట్టు. అప్పుడు ఎడమ దిక్కు కూసున్నోళ్లకు దగ్గర బాక్సు పక్కమొకం కనపడ్తది, దూరపు బాక్సు సీదా చూస్తది, దూరపుది లేటుగ వచ్చినా బలంగ వస్తది కాబట్టి పాట కొంతల కొంత నడుమనే నిలవడ్తది. నడిమి కుర్చీ అంత మజా రాదు, కానీ కొట్లాట తప్పుతది. ఒక్క డబ్బాల రెండు స్పీకర్లుండే బ్లూటూత్ వాటితోని ఈ లెక్కలేవీ కుదరవు, వాటి నడుమ జానెడు దూరం సుత ఉండది.

సబ్‌వూఫర్, అంటే ఉత్త బేస్ కోసమే వేరేగ ఉండే డబ్బా, ఉన్నోళ్లకు ఒక మాట చెప్పి ఆపేస్త. మూలకు నూకేయకుండ్రి. మీరు కూసునే జాగల కుర్చీ తీసి ఆ డబ్బా పెట్టి, బేస్ ఎక్కువున్న పాట పెట్టి, మోకాళ్ల మీద గోడ వెంబడి పాకుకుంట తిరగుండ్రి, పిల్లలు నవ్వుతరు, నవ్వనీయుండ్రి. ఎక్కడ బేస్ గుబ్బు లేకుండ సాఫ్‌గ వినవడ్తదో ఆ జాగల డబ్బా పెట్టి కుర్చీ మళ్లా వెనుకటి కాడ వేసుకోండ్రి.

మీరు మళ్లొకసారి ఈ పేజీ వేసినప్పుడు రేట్ల పట్టికతోపాటు ఒక 10 బై 12 రూం నక్ష గీసి, కిటికీ, తలుపు, మంచం, బీరువా అన్నీ చూపెట్టి, బాక్సులు ఏడ, కుర్చీ ఏడ అని గుర్తులు పెట్టి వేస్తే బాగుంటది. గీసేటందుకు మనిషి కావాలంటే నేను వస్త.

ఇట్లు,
మీ పాఠకుడు, నల్లగొండ